చేనేత వర్తకమున ప్రకటన చరిత్రము

మద్రాసు రుమాలు అను పేర పశ్చిమాఫ్రికాకు ఎగుమతియైన గళ్లవస్త్రమును మన పెద్దలలో కొందఱైన నెఱుంగుదురు. ఆ వస్త్రము చీరాల ప్రాంతపు మగ్గములమీదను నేయబడెడిది. నైజీరియాలోని కలబారీ జనులు శుభాశుభకార్యములకు దానిని కట్టుకొనిరి. లోకవర్తకమున ఆ సరుకునకు రేవుపేరు నిలిచినది గాని ఊరిపేరు నిలువలేదు. నేసినవాని పేరుమాట చెప్పనేల?

ఇది ఒక్క వస్త్రపు కథ గాదు. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిన పిమ్మట, నేయువానికిని కట్టువానికిని నడుమ బయానా లిచ్చు వర్తకులు, దుబాసీలు, కంపెనీ గుమాస్తాలు బారులు తీరిరి. మగ్గము మనవానిది, మూటమీది ముద్ర కంపెనీది. మేము ఈ వ్యాసమున చెప్పదలచినది ఈ ముద్రనుగూర్చియే. కొనువానికి ఎవరి పేరు తెలియునో, వాడు మరల వచ్చునపుడు వారి యింటికే వచ్చును.

అచ్చుప్రకటన మన దేశమున క్రొత్తది కాదు. 1780లో కలకత్తానుండి వెలువడిన హికీ బెంగాల్ గెజెటు తన పేరులోనే ప్రకటనపత్రిక నని చెప్పుకొనెను. అయినను ప్రకటనశక్తిని తెలుగువారికి కన్నులయెదుట చూపినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. వారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. సంగీతసభలకు వచ్చినవారికి ఆ మందును ఉచితముగ పంచిరి. తలనొప్పి తగ్గినవాడు మఱునాడు అంగడిలో పేరుచెప్పి అడిగెను. 1908లో ఆంధ్రపత్రిక వెలసినపిమ్మట ఆ పేరు తెలుగునాట ఇంటింటికిని చేరెను. నమూనా, పేరు, పత్రిక ఈ మూటిని ఒక్క త్రాటికి కట్టిన ఆ బుద్ధిసూక్ష్మతను ఎంత పొగడినను తక్కువయే.

తరువాతి కాలము చిన్నవర్తకునకు అనుకూలము గాలేదు. 1967లో వివిధభారతి, 1976లో దూరదర్శనము ప్రకటనలకు ద్వారములు తెఱచినను ఆ రుసుములను పెద్ద మిల్లులే భరింపగలిగెను. మనవారికి దండోరా, కరపత్రము, గోడవ్రాత, రిక్షామీది మైకు, సినిమాహాలులో విరామసమయమున చూపు స్లైడు మిగిలినవి. వీని నెవరు చూచిరో, చూచి ఎవరు వచ్చిరో లెక్క తేలునది కాదు.

ఆ లెక్క తేల్చినది అంతర్జాలము. 1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ అను అమెరికా పత్రిక తన అంతర్జాలపుటపై పట్టీప్రకటనను వేసెను. మన దేశమున 1995 ఆగస్టు 15న అంతర్జాలము ప్రజలకు అందెను. గూగులు సంస్థ 2000 అక్టోబరులో యాడ్‌వర్డ్స్ అను పద్ధతిని సుమారు 350 మంది ప్రకటనదారులతో ఆరంభించి, 2002లో దానిని వేలముగ మార్చెను. ఈ వేలము తీరు మనవారు ఎఱుగదగినది. వెదకువాడొక మాటను టైపుచేసినతోడనే తెరవెనుక ఆ మాటకు పాట జరుగును. ఎక్కువ పాడినవానికే మొదటిచోటు దక్కదు. ఆ ప్రకటనను జనులు ఎంతగా నొక్కుదురు, అది వెదకినమాటకు ఎంత తగియున్నది, నొక్కినపిమ్మట తెఱచుకొను పుట ఎట్లున్నది అనునవియు తూచబడును. నొక్కినప్పుడే రుసుము. కావున అడిగినదానికి సరియగు సమాధానమిచ్చు చిన్నవాడు, ధనమాత్రబలుడగు పెద్దవానికంటె తక్కువ రుసుముతో పైచోటు పొందుట సాధ్యము. ప్రకటనచరిత్రమున ఇట్టి అవకాశము మునుపు లేదని మా యభిప్రాయము.

కాని “పట్టుచీర” అను విశాలమగు మాటకు పాటపాడిన చిన్నవాని ధనము ప్రొద్దుగ్రుంకకముందే కరగిపోవును. “మంగళగిరి నిజాం బార్డరు నూలుచీర” అని వెదకువారు కొందఱే. వారికి కావలసినది వారికి తెలియును, ఆ మాటకు పోటీయు తక్కువ. ఊరిపేరు, నేతపేరు, అంచుపేరు మనవారికి తాతలిచ్చిన ఆస్తి. 2018 ఫిబ్రవరిలో గూగులు తెలుగుభాషకును తన ప్రకటనపద్ధతిలో తావిచ్చినపిమ్మట ఆ ఆస్తిని తెలుగులిపిలోనే వాడుకొనుటకు వీలు కలిగెను.

పాటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు, దానికి రుసుము లేదు. అంగడిపేరు, చిరునామా, వేళలు, ఛాయాచిత్రములు గూగులు పటమున నమోదు చేయుట. 2014లో గూగుల్ మై బిజినెస్ అను పేర వచ్చిన ఈ సదుపాయము 2021లో బిజినెస్ ప్రొఫైలుగ మారెను. అంగడిగలవారిలో పెక్కురు దీనిని ముట్టకయే ప్రకటనకు ధనము వెచ్చించుట మాకు వింతగ తోచుచున్నది.

2018 జనవరిలో వచ్చిన వాట్సాప్ బిజినెస్ మగ్గమున్న యింటికే అంగడిని తెచ్చినది. చీరెను పగటివెలుతురులో చిత్రించి, పొడవు, పన్నా, నూలో పట్టో, జరీ ఎట్టిదో, వెల యెంతో వ్రాసి జాబితాగ నిలుపవచ్చును. వెల దాచి “ఇన్‌బాక్సులో అడుగుడు” అనుట మేము మెచ్చము. అచట పలువురకు ఒక్కమాటు పంపు వార్త మన సంఖ్యను తమ ఫోనులో నిలుపుకొనినవారికే చేరునని గుర్తుంచుకొనవలెను. చీరెతోపాటు పంపు చీటీమీద సంఖ్యను ముద్రించి, నిలుపుకొనుడని కోరుట అందులకే.

ఇక ఒక భయము చెప్పవలసియున్నది. 2020 జూన్ 29న భారతప్రభుత్వము టిక్‌టాకును నిషేధించెను. ఆ వేదికమీద ఏండ్లతరబడి చూపరులను కూడగట్టుకొన్నవారికి, ఒక్క దినమున ఆ చూపరులందఱు కానరాకపోయిరి. ఫేసుబుక్కునందును, మన పుటను మెచ్చినవారికి మన మాట చేరుటకు మనమే రుసుము చెల్లింపవలసిన స్థితి క్రమముగ వచ్చినది. అనగా బయానావర్తకుడు వేషము మార్చుకొని వచ్చినాడు. కొన్నవారి పేరు, ఊరు, సంఖ్య, కొన్న చీరె, వారి యనుమతితో ఇంటి పద్దుపుస్తకమున వ్రాసికొనువానిని అతడు ఏమియు చేయజాలడు. డల్లాసులోనో మెల్బోర్నులోనో ఉన్న తెలుగింటి ఆడపడుచు శ్రావణమాసమున చీరె కొన్నచో, మఱుసటి శ్రావణమునకు నెల ముందే ఆమెకు రెండు చిత్రములు పంపవచ్చును. ఇందులకు ఏ వేలమును అక్కఱలేదు.

పేరు తెలియగనే దొంగలును వత్తురు. మరమగ్గపు అచ్చుగుడ్డకు పోచంపల్లి పేరు తగిలించి అమ్మువారిని అంతర్జాలమున చూడని మనవాడు లేడు. చిత్రమున మగ్గము తెలియదు గదా! 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టము, 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్కు, 2005లో పోచంపల్లి ఇక్కతుకు లభించిన భౌగోళికసూచిక గుర్తింపు ఇందులకు మందులు. అయితే ఆ సూచిక ఊరికి వచ్చినంతమాత్రమున ప్రతి నేతగానికిని వచ్చినట్లు కాదు. 1999 నాటి చట్టముచొప్పున ప్రతియొకడును అధీకృత వినియోగదారుగ తన పేరు వేఱుగ నమోదు చేయించుకొనవలెను. దరఖాస్తు చెన్నపురిలోని రిజిస్ట్రీకి పంపవలెను. దాని రుసుము 2020లో 500 రూపాయలనుండి 10 రూపాయలకు తగ్గింపబడెను.