పరేలు ప్రశ్న, తెలుగువాని సమాధానము: దాదరు ప్రాంతమున పోషకాహార విద్య

బొంబాయి తెలుగువారి చరిత్రయనగా కట్టడములకు రాళ్లు మోసిన కామాటీలును, మిల్లులలో మగ్గములు నడిపిన పద్మశాలీలును ముందుగా స్మరణకు వత్తురు. నిజాము రాజ్యమునుండి కూలికై వచ్చిన కామాటీల పేరిటనే కామాటిపురము వెలసినది. 1856లో తొలి నూలుమిల్లు నడువనారంభించిన పిమ్మట పరేలు, వర్లీ, ప్రభాదేవి, దాదరు ప్రాంతముల చాళ్లలో తెలుగు నేతకుటుంబములు క్రమముగా స్థిరపడినవి. వారి కూలినిగూర్చి విచారించినంతగా వారి భోజనమునుగూర్చి మనవారు విచారింపలేదు. అయినను పోషకాహార శాస్త్రమున నొక ముఖ్యాధ్యాయము ఈ చాళ్ల పొరుగుననే ఆరంభమైనది.

1896లో బొంబాయిని ప్లేగు పీడించినది. 1899లో హాఫ్కిన్ పండితుని ప్లేగు పరిశోధనశాల పరేలులోని పాత గవర్నరు భవనమునకు మారెను. 1925లో దానికి హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ అని పేరిడిరి. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, అచట గర్భిణులకు గలుగు తీవ్రమైన రక్తహీనతను పరిశోధింపసాగెను. మిల్లు కార్మికులైన పేద స్త్రీలలో ఈ వ్యాధి మెండుగా నుండెను. రక్తకణముల సంఖ్య తగ్గి, ఒక్కొక్క కణము పరిమాణమున మితిమీరి పెరుగుట దీని లక్షణము.

విల్స్ రోగి దేహముతోపాటు రోగి భోజనమును గూడ పరీక్షించెను. పేద స్త్రీలు తిను ఆహారమువంటిదే ఎలుకలకు పెట్టగా వానికిని రక్తహీనత కలిగెను. తుదకు మార్మైట్ అను పేర అమ్ముడుపోవు ఈస్టుసారమును రోగులకిచ్చి చూడగా వారు కోలుకొనిరి. ఈ ఫలితమును ఆమె 1931లో ప్రకటించెను. ఆ సారమునందలి గుణకారి పదార్థమేదో తెలియనందున దానిని విల్స్ పదార్థమనియే వ్యవహరించిరి.

1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూరనుండి ఒక పదార్థమును వేరుపరచి, ఆకు అను అర్థముగల లాటిను పదమునుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. విల్స్ చూచినది ఈ వర్గపు పదార్థమే. 1945లో లెడర్లీ పరిశోధనశాలలో దానిని కృత్రిమముగా నిర్మించిరి. అచటి పరిశోధనలకు అధిపతి 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన సోదరుని స్ప్రూ అను గ్రహణివ్యాధి బలిగొన్నది. ఆ వ్యాధివలన గలుగు రక్తహీనతకు ఈ యామ్లమే ఔషధమైనది. పరేలులో పుట్టిన ప్రశ్నకు తెలుగువాని నాయకత్వమున సమాధానము లభించుట మనకు గర్వకారణము.

ఈ విద్యను నేర్పు సంస్థలును క్రమముగా నేర్పడినవి. 1918లో మెకారిసన్ కూనూరులో బెరిబెరి వ్యాధిపై ఆరంభించిన పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యైనది. అచట అనువర్తిత పోషకాహారమున ఎమ్మెస్సీ చదువు గలదు. బొంబాయిలో 1954లో అఖిల భారత మహిళా కేంద్ర ఆహార మండలి, లీలావతీ మున్షీగారి అధ్యక్షతన, హోటలు నిర్వహణమును, వంటవిద్యను, అనువర్తిత పోషకాహారమును గలిపి బోధించు సంస్థను స్థాపించెను. దాదరు కేటరింగు కాలేజీయని జనులు పిలుచునది అదియే.

మందు తెలిసినంతమాత్రమున వ్యాధి తొలగదు. గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రలు పంచు జాతీయ కార్యక్రమము 1970లోనే ఆరంభమైనది. అయినను 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో నూటికి 52 మంది గర్భిణులు రక్తహీనులని తేలినది. తోటకూర, గోంగూర, పెసలు, శనగలు ఫోలేటునకు ఆటపట్టులు. కాని చాలసేపు ఉడికించి నీరు పారబోసినచో అందు పెక్కుభాగము పోవును. ఇంటిల్లిపాది తిన్నపిమ్మట మిగిలినది తిను కోడలికి ఆ కూర దక్కునా యనునది పాఠ్యపుస్తకము చెప్పదు.

1982 సమ్మె పిమ్మట మిల్లులు మూతపడుచు వచ్చినవి. అనేక చాళ్లు కూలి మేడలు లేచినవి. అందువలన ఆ ఇండ్ల పొయ్యిమీది వంటలను, సంతబేరములను, కొళాయి వంతులను, కూలి వేళలను ఎరిగిన వృద్ధులుండగనే వ్రాసికొనుట అవసరము. పోషకాహారమున ఎమ్మెస్సీ చదువు మన యువతీయువకులకు ఇంతకన్న ఉపయోగకరమైన పరిశోధనాంశము దొరకదు. విల్స్ మార్గమును అదియే: ముందు రోగి కంచమును చూచుట, పిదప పరిశోధనశాలకు పోవుట.