యుద్ధశేషములు, బేగంపేట డకోటాలు

అమీరుపేట చౌరస్తానుండి గ్రీన్‌లాండ్స్ మీదుగా సికింద్రాబాదు దిక్కునకు సాగు బాటసారికి ఎడమప్రక్కన బేగంపేట విమానాశ్రయపు ప్రహరీగోడ చాలదూరము తోడువచ్చును. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరచినది మొదలు ప్రయాణికుల విమానము లిచ్చట దిగుట మానినవి. మైత్రీవనము చుట్టుపట్ల కంప్యూటరు విద్యకై వచ్చి, పంజగుట్ట సందులలో అద్దెగదులయందు కాపురముండు యువకులలో ఎందరికి తెలియునో కాని, వారి గదులకు కూతవేటు దూరముననే ఒక సంస్థానము తన సొంత విమానసంస్థను ఏడేండ్లపాటు నడపినది. బేగంపేట ప్రాంతము పైగా వంశపు ప్రభువుల దేవిడీలతోను తోటలతోను నిండియున్ననాటి సంగతి యిది. ఆ సంస్థ నడపిన విమానములు కొత్తవని ఎవరును భ్రమపడలేదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప సైన్యములకు అక్కరతీరి అమ్మకమునకు పెట్టిన సరకు అది.

సైన్యము వదలిన సరకులో పారవేయుటకే పుట్టిన వస్తువులును గలవు. యుద్ధవిమానము దూరము పోవలెనన్న రెక్కలలోని పెట్రోలు చాలదు కనుక, రెక్కల క్రిందనో పొట్ట క్రిందనో చేపవలె నున్నని అదనపు తొట్టి నొకదానిని తగిలించి, ముందుగా అందలి పెట్రోలునే వాడుకొని, శత్రువు కంటబడగనే మీటలాగి దానిని జారవిడిచెదరు. బరువు తగ్గి విమానము చురుకుదేలును. దీనినే డ్రాప్ ట్యాంకు అందురు. ఇంగ్లండున అల్యూమినియము పొదుపుచేయదలచి, కాగితపు పొరలను జిగురుతో అతికి 108 గాలనుల తొట్లను వేలకొలది చేసిరి. పెట్రోలు పోసిన కొన్ని గంటలకే జిగురు సడలనారంభించెడిది. అంతకుమించిన ఆయువు దానికి అక్కరయును లేదు. రేకు తొట్లకు మాత్రము రెండవ జన్మము లభించెను. 1946లో కాలిఫోర్నియాయందు బిల్ బర్క్ అనునతడు అట్టి తొట్టి నొకదానిని సంపాదించి, దానికి చక్రములును ఇంజనును అమర్చి, ఎండిన సరస్సు నేలపై పరుగెత్తించిన తరువాత, ఆ పద్ధతి పందెపు కార్లవారికి ఒక శాఖయే అయ్యెను. తరువాతి కాలపు యుద్ధములు ముగిసిన పిమ్మట వియత్నాము, లావోసు గ్రామస్థులు అట్టి తొట్లను నిలువునకోసి నదులలో పడవలుగా తిప్పుకొనిరి. బేగంపేటకు చేరిన శేషము ఇంతకంటె పెద్దది. అది పూర్తి విమానమే.

అయితే హైదరాబాదు యుద్ధవిమానములకై డబ్బు వెచ్చించుట అప్పుడే మొదలుకాలేదు. మొదటి ప్రపంచయుద్ధమున నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనముతో బ్రిటిషువారి 110వ దళమునకు డి.హెచ్.9ఏ జాతి బాంబరులు సమకూడెను. 1918లో ఫ్రాన్సునకు తరలిన ఆ దళమునకు హైదరాబాదు పేరే స్థిరపడెను. రెండవ యుద్ధమున 152వ దళమునకును అట్లే. ఆ దళపు చిహ్నమున నిజాము శిరోవేష్టనమును, దాని క్రింద విశ్వాసపాత్రుడైన మిత్రుడు అను భావముగల బిరుదమును చిత్రించిరి. 1940లో దక్షిణ ఇంగ్లండు ఆకాశమున పోరిన ఆ దళమే, 1943 చివర మన దేశమునకు వచ్చి, స్పిట్‌ఫైరులతో బర్మా సరిహద్దులందు యుద్ధము చేసెను. స్పిట్‌ఫైరు పొట్టక్రింద తగిలించు తొట్లు 30 గాలనులు మొదలు 90 గాలనులు, అంతకు పైబడియును ఉండెడివి. తెలంగాణపు రైతు కట్టిన శిస్తులో ఏ కొంచెమో ఆ విధముగా తొట్టియై, పరాయి అడవులలో రాలియుండునని తలచినచో మరీ తప్పుకాదేమో. ప్రభువుల విశ్వాసమునకు బిల్లు చెల్లించువారెవరో చరిత్రగ్రంథములు సాధారణముగా వ్రాయవు.

1945 ఆగస్టున జపాను లొంగిపోవుటతో అస్సాము, వంగదేశములందలి అమెరికా, బ్రిటిషు స్థావరములలో విమానములు, ఇంజనులు, టైర్లు, తుక్కు గుట్టలుగా మిగిలెను. హిమాలయములమీదుగా చీనాకు సరకు మోసిన డకోటా విమానములకు ఇక మోయవలసిన బరువు లేదు; వానిని స్వదేశమునకు కొనిపోవుటకంటె ఇక్కడనే అమ్మివేయుట లాభమని తోచెను. కాన్పూరున విడిచిపోయిన లిబరేటరు బాంబరులను మరల ఎవరును ఎగురవేయకుండునట్లు చెడగొట్టిపోయిరి. ఐనను స్వాతంత్ర్యానంతరము బెంగుళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్మికులు వానిలో సుమారు 40 విమానములను మరల నిలబెట్టి మన వైమానికదళమున కప్పగించిరి. 1968 వరకు అవి కొలువుచేసినవి. చెడగొట్టినవారి శ్రద్ధకంటె బాగుచేసినవారి పట్టుదల ఘనమైనదని వేరుగా చెప్పనేల?

డకోటా సంగతి ఇందుకు భిన్నము. అది పుట్టుకచేత పౌరవిమానము. 1935 డిసెంబరున డగ్లస్ సంస్థ డి.సి.3 అను పేర మొదట ఎగురవేసినప్పుడు ప్రయాణికుల సుఖమే దాని ఉద్దేశము. యుద్ధము రాగా దానికి నేల గట్టిపరచి, ప్రక్కన పెద్ద తలుపు పెట్టి, సైనికులు ఎదురెదురుగా కూర్చుండు రేకుబల్లలు బిగించి, ఖాకీ పచ్చరంగు పూసి, పదివేలకు పైగా తయారుచేసిరి. కనుక యుద్ధానంతరము దానిని మార్చుటయనగా, పట్టాలిచ్చి సైన్యములోనికి చేర్చుకొన్న గుమాస్తాను మరల కచేరీకి పంపుటయే. బల్లలు ఊడదీసి వరుసకుర్చీలు వేయవలెను, గోడలకు లోపలిపొర తొడుగవలెను, రేడియోలు మార్చవలెను, యోగ్యతాపత్రము సంపాదింపవలెను. అంతటితో రెండు డజనులకు అటునిటు ప్రయాణికులు కూర్చుండుటకు వాహనము సిద్ధము. ఇంజను ఒక్కొక్కటి 1,200 అశ్వశక్తి గలది. విడిభాగములకు కొదువలేదు, ఏలయన అవియును అవే గుట్టలలో దొరకుచుండెను. భారతదేశమున 1946 ప్రాంతమున విమానసంస్థలు వానకాలపు పుట్టగొడుగులట్లు పుట్టుటకు మూలకారణము ఈ చౌకయే.

దక్కన్ ఎయిర్‌వేస్ ఆ పుట్టుకలలో ఒకటియైనను, దానికి ప్రభుత్వపు అండ గలదు. 1945లో ఏర్పడిన ఆ సంస్థలో నిజాము ప్రభుత్వమునకు నూటికి 71 వంతులు, టాటాలకు 29 వంతులు. స్థలమునకు వెదుకనక్కరలేదు. 1930లనాటికే బేగంపేటలో హైదరాబాదు ఏరోక్లబ్బు వెలసియుండెను. 1937లో బేరారు యువరాణి దుర్రుషెహ్వార్ అచ్చటి భవనమునకు శంకుస్థాపన చేసియుండెను. 1946 జూలైలో డకోటాలు రాకపోకలు ప్రారంభించి, మద్రాసు, బెంగుళూరు, నాగపురము, ఢిల్లీలతో హైదరాబాదును కలిపెను. డకోటాకు తోకక్రింద చిన్నచక్రము. నేలమీద నిలిచినప్పుడు ముక్కు ఆకాశమునకును తోక నేలకును వాలియుండుటవలన, వెనుక తలుపున ఎక్కిన ప్రయాణికుడు ముందువరుసకు పోవలెనన్న గుట్ట యెక్కినట్లు ఎక్కవలెను. లోపల గాలి ఒత్తిడి నిలుపు ఏర్పాటు లేదు గనుక మిక్కిలి పైకెగురజాలదు. వేసవి మధ్యాహ్నము దక్కను పీఠభూమి వేడిగాలులలో కుదుపులు తప్పవు. చల్లనివేళ చూచి బయలుదేరుటయే తెలివి.

ఈ సంస్థలోనే ప్రేమ్ మాథుర్ అను వనిత ఉద్యోగము పొందెను. 1947లో వాణిజ్య విమానచోదనకు అనుజ్ఞ పడసినను, స్త్రీ యను కారణమున సంస్థవెంట సంస్థ నిరాకరింపగా, ఆమెకు ద్వారము తెరచినది హైదరాబాదే. భారతదేశపు తొలి మహిళా వాణిజ్య విమానచోదకురాలిగా ఆమె పేరు నిలిచెను. నాటి సంస్థానమును అన్నివిధముల వెనుకబడినదిగా చిత్రించువారు ఈ యొక్క విషయము నెచ్చట నిలిపెదరో తెలియదు.

కాని అదే కాలమున అదే యుద్ధసంతతికి చెందిన వేరొక విమానజాతి సంస్థానమునకు మరొక మార్గమున వచ్చెను. లాంకాస్టరు బాంబరును మార్చి లాంకాస్ట్రియన్ అను పేర ప్రయాణికులకును తపాలాకును అనువుగా చేసిరి. 1948లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియను వైమానికుడు అట్టి విమానములలో కరాచీనుండి రాత్రివేళల ఆయుధములు నింపి బీదరు, వరంగల్లు మైదానములలో దించెను. బాంబరు పౌరవాహనమై, పౌరవాహనము మరల ఆయుధములు మోసినది! సెప్టెంబరు 13న సంస్థానముపై భారత ప్రభుత్వము ప్రారంభించిన సైనికచర్య 17న ముగియగనే ఆ రాకపోకలును ముగిసెను. కాటన్‌పై ఇంగ్లండున నడచిన వ్యవహారము జరిమానాతో తీరిపోయెను. అంతమాత్రముతో సరిపెట్టుట బ్రిటిషు న్యాయస్థానముల ఔదార్యమనవలెను.

డకోటాలు మాత్రము ఏ ప్రభుత్వము వచ్చినను ఎగురుచునే యుండెను. 1953 ఆగస్టు 1న విమానయానము జాతీయము కాగా, దక్కన్ ఎయిర్‌వేస్ మరి యేడు సంస్థలతోపాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషనులో లీనమయ్యెను. అమీరుపేటవారికి ప్రొద్దుట వినబడు ఇంజను చప్పుడు మారలేదు, రెక్కలమీది పేరు మారెను.

యుద్ధశేషముల బేరము అందరికిని ఇట్లు కలిసిరాలేదు. 1946 నవంబరున శ్రీ హనుమాన్ కాటన్ మిల్స్ అను సంస్థ వంగదేశపు పానాగఢ్‌లో పడియున్న విమానపు తుక్కును 10 లక్షల రూపాయలకు కొన ఒడంబడి, నాలుగవవంతు, అనగా 2,50,000 రూపాయలు, బయానాగా చెల్లించెను. అమ్మినది టాటా ఎయిర్‌క్రాఫ్ట్. బేగంపేటలో విమానముల నెగురవేయుటలో భాగస్వాములైన టాటాల సంస్థయే అచ్చట తుక్కు నమ్ముచుండెను. కొన్నవారు మిగిలిన సొమ్ము కట్టలేకపోగా, అమ్మినవారు బయానా జప్తుచేసిరి. వ్యాజ్యము మెట్టుమెట్టుగా ఎక్కి సుప్రీంకోర్టునకు చేరి 1969లో తీరెను. బయానా తిరిగి రానక్కరలేదని తీర్పు. ఆ తీర్పు బయానా జప్తు విషయమున ప్రమాణమై, న్యాయకళాశాలల పాఠములలో నేటికిని నిలిచియున్నది.