చారిత్రక నవలలయందు సత్యకల్పనల వివేచనము

చారిత్రక నవలను జదివి యందలి దానినెల్ల జరిగినదిగా నమ్మువారు కొందఱు. కల్పన యున్నదను మాత్రముననే దాని నంతయు నసత్యమని త్రోచివేయువారు మఱికొందఱు. ఈ రెండు మార్గములును సరియైనవి కావు. ఇతివృత్తము ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము నని మూఁడు విధములని దశరూపకమున ధనంజయుఁడు విభజించెను. చారిత్రక నవల మిశ్రము. పదమునందుఁ బ్రకృతిప్రత్యయములను విడఁదీసి చూచునట్లు, దీనియందు శాసనసిద్ధమైన యంశమును గవికల్పితమైన యంశమును విడఁదీసి చూడవలెను.

ఉదాహరణముగా, బందరు జాతీయకళాశాల కధ్యక్షుఁడుగా నుండిన అడివి బాపిరాజుగారి (1895-1952) 'గోన గన్నారెడ్డి' నవలను గైకొందము. ఇందు రుద్రమదేవి గణపతిదేవుని కూఁతురు. ఇది సత్యమా? ప్రతాపచరిత్రము ఆమెను గణపతిదేవుని భార్య యనినది. మోటుపల్లి రాజ్యమునుగూర్చి వ్రాసిన మార్కోపోలో యును ఆమెను మృతుఁడైన రాజునకు భార్యగాఁ జెప్పెను. విజయవాడకుఁ జేరువను, కృష్ణకు దక్షిణతీరమున నున్న మల్కాపురపు శాసనము (శా. శ. 1183, క్రీ. శ. 1261) ఈ సందేహమును దీర్చుచున్నది. గణపతిదేవుఁడు తన గురువగు విశ్వేశ్వరశివాచార్యునకు మందడ గ్రామము నీఁదలఁచెననియు, అతని కూఁతురు రుద్రమదేవి దానితోఁగూడ వెలగపూడిని (నేఁడు రాష్ట్రసచివాలయమున్న యూరు) నిచ్చెననియు నది తెలుపుచున్నది. ఆ దానముచే మఠము, సత్రము, విద్యాశాల, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడచినవి. కావునఁ జరిత్రమని పేరుగల గ్రంథ మిచటఁ దప్పినది. నవల నిజము పలికినది. గ్రంథనామము ప్రమాణము కాదు.

ఇఁక గన్నారెడ్డి మాట. అతఁడు వర్ధమానపురమునకు సంబంధించిన గోనవంశమువాఁడు, కాకతీయుల సామంతుఁడు. అతని యనుచరుఁడగు విఠలనాథుఁడు రాయచూరి కోటను గట్టించినట్లు 1294 నాఁటి శాసనము గలదు. రుద్రమదేవి 1289లోనే గతించినట్లు చందుపట్ల శాసనముచేఁ దెలియుచుండుటచే, ఆ కోటపని ప్రతాపరుద్రుని కాలమునాఁటిది. శాసనములు చూపునది సామంతుని. లోకమునకు గజదొంగగాఁ దోఁచుచు లోలోన రాణికిఁ దోడ్పడు సాహసిని సృజించినది బాపిరాజుగారి ప్రతిభ.

2015లో వెలువడిన 'రుద్రమదేవి' చలనచిత్రము ఈ రూపమునే యింటింటికిని జేర్చినది. పాఠ్యపుస్తకముకంటె ముందు బాలురకుఁ దెలియుచున్నది యదియే. అందుచే నుపాధ్యాయులు నవలను నిషేధింప నక్కఱలేదు. దానిప్రక్క శాసనము నుంచిన చాలును. వ్యక్తి యుండెనా, బంధుత్వము సరియా, కాలము పొసఁగునా యని మూఁడు ప్రశ్నలు వేయింపవలెను. శాసనము మౌనము వహించినచోట నవల చెప్పినదానిని గావ్యముగా నాస్వాదింపవచ్చును. పరీక్షాపత్రమునఁ జరిత్రగా వ్రాయింపరాదు.