ఖాతాలో రెండో పేరు

నేను సినిమా విమర్శకుణ్ణి కాను. షోలాపూరులో ఒక నేతపనివారి ఇంట్లో పుట్టి, బి.కాం. చదివి, ముప్పై ఏళ్లుగా బ్యాంకులో పద్దులు చూసుకుంటున్నవాణ్ణి. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, టాకీసులో హిందీ వింటూ పెరిగినవాళ్లు ఈ పత్రిక పాఠకుల్లో చాలామందే ఉంటారు. బదిలీల పుణ్యమా అని నాకు కన్నడం, మలయాళం కూడా కొంత చెవికి పట్టాయి. ఆ విధంగా పొరుగు భాషల సినిమాలు చూసే అలవాటైంది. ఒకే లింగానికి చెందిన ఇద్దరి మధ్య ప్రేమను మన దేశపు తెర ఎలా చూపిస్తూ వచ్చిందో, అందులో నిజాయితీగా తీసిన చిత్రాలేవో నాకు తెలిసినంతలో ఇక్కడ చెప్పదలచుకున్నాను. ఈ వయసులో ఈ విషయం మీద రాయడానికి ఒక కారణం ఉంది. ముందు అది చెప్పాలి.

1998 డిసెంబరులో నేను ముంబయిలో ఒక బ్రాంచిలో కొత్తగా ఆఫీసరునయ్యాను. ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరు మగవాళ్లు కౌంటరు దగ్గరికి వచ్చారు. ఇద్దరికీ నలభై దాటి ఉంటాయి. బల్లమీద నా పేరు చూసి పెద్దాయన తెలుగులోకి దిగాడు.

"సారూ, మాది కామాఠీపురా. ఇద్దరి పేర్ల మీద ఒక్క ఖాతా కావాలె."

"అన్నదమ్ములా?" అని అడిగాను.

"కాదు సారూ. ఇరవై ఏండ్ల సంది ఒక్క ఖోలీలనే ఉంటున్నం."

నేను వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూశాను. విషయం అర్థమైంది. అర్థమైనందుకే నా గొంతు గట్టిపడింది. "బంధుత్వం లేకుండా జాయింటు ఖాతా కుదరదు. విడివిడిగా తెరుచుకోండి" అన్నాను.

ఆయన కాసేపు ఆగి, "మరి ఒకరు సచ్చినంక పైసలు ఎవరికి పోతయి సారూ?" అని అడిగాడు.

"వారసులకు" అన్నాను. ఆయన ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ వెళ్లిపోయారు. జాయింటు ఖాతాకు బంధుత్వం ఉండాలన్న నియమం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అది నాకు తెలుసు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ముంబయిలో దీపా మెహతా తీసిన 'ఫైర్' మీద గొడవ జరుగుతోంది. 1996లో తయారై విదేశీ ఉత్సవాల్లో ప్రదర్శితమైన ఈ చిత్రం మన దేశంలో 1998 నవంబరులో విడుదలైంది. ఢిల్లీలో ఒక ఉమ్మడి కుటుంబం. తోడికోడళ్లిద్దరూ భర్తల నిరాదరణలో ఒకరికొకరు దగ్గరవుతారు. షబానా ఆజ్మీ, నందితా దాస్ ఆ పాత్రలు వేశారు. డిసెంబరు మొదటి వారంలో ముంబయిలోనూ ఢిల్లీలోనూ సినిమా హాళ్ల మీద దాడులు జరిగాయి. చిత్రాన్ని మళ్లీ సెన్సారుకు పంపారు. 1999 ఫిబ్రవరిలో అది ఒక్క కత్తిరింపు కూడా లేకుండా బయటికి వచ్చింది. ఆ గొడవ వార్తలు పేపర్లో చదివి, అద్దాలు పగలగొట్టినవాళ్లను మొరటువాళ్లనుకున్నాను. అదే నెలలో కౌంటరు వెనక కూర్చుని నేను చేసింది ఏమిటో ఆలోచించలేదు.

చాలామంది ఈ చరిత్ర 'ఫైర్'తోనే మొదలైందనుకుంటారు. అది సరికాదు. 1971లోనే ప్రేమ్ కపూర్ 'బద్నామ్ బస్తీ' అనే హిందీ చిత్రం తీశారు. కమలేశ్వర్ నవల 'ఏక్ సడక్ సత్తావన్ గలియాఁ' దానికి ఆధారం. ఒక డ్రైవరు, అతను ప్రేమించిన స్త్రీ, అతను చేరదీసిన యువకుడు, ఈ ముగ్గురి మధ్య నడిచే కథ అది. ఇద్దరు మగవాళ్ల మధ్య అనురాగాన్ని వెక్కిరించకుండా చూపించింది. తరువాత ఆ చిత్రం కనుమరుగైంది. దశాబ్దాల తరువాత, 2019లో, బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ భాండాగారంలో దాని ప్రింటు ఒకటి బయటపడింది. మన కథ పరాయి దేశపు అటకమీద దొరకడం ఎలాంటిదో ప్రవాసంలో ఉన్నవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

మలయాళంలో 1978లో మోహన్ దర్శకత్వంలో 'రండు పెణ్‌కుట్టికళ్' వచ్చింది. ఇది వి.టి.నందకుమార్ నవల ఆధారంగా ఇద్దరు అమ్మాయిల మధ్య ఆకర్షణను తెరకెక్కించిన చిత్రం. మా మరాఠీ వైపు చూస్తే, పండరీపురంలో పుట్టిన జబ్బార్ పటేల్ 1982లో 'ఉంబరఠా' తీశారు. స్మితా పాటిల్ అందులో ఒక మహిళాశ్రమానికి పర్యవేక్షకురాలు. ఆశ్రమంలోని ఇద్దరు స్త్రీల మధ్య సంబంధం బయటపడుతుంది. అందరూ వాళ్లను అసహ్యించుకుంటారు. నాయిక అసహ్యించుకోదుగాని, దాన్ని వైద్యంతో నయం చేయవలసిన జబ్బుగానే చూస్తుంది. ఆ కాలానికి అదే ఉదారత. తిట్టు నుంచి జాలికి రావడం ఒక మెట్టు. జాలి నుంచి గౌరవానికి మరో మెట్టు ఉంటుందని ఆనాటి తెరకు ఇంకా తోచలేదు.

ఇక్కడ ఒక విషయం విడదీసి చెప్పాలి. మరాఠీలో 2009లో రాజీవ్ పాటిల్ 'జోగవా' తీశారు. ఎల్లమ్మకు వదిలేసిన జోగత, జోగతీణల ప్రేమకథ. ఉపేంద్ర లిమయేకు ఉత్తమ నటుడిగా జాతీయ పురస్కారం వచ్చింది. ఎల్లమ్మ మనకూ ఇంటి దేవత కనుక ఆ చిత్రం మనల్ని కదిలిస్తుంది. అయితే అందులో తాయప్ప మగవాడిగా బతకాలనుకునేవాడు; అతని చేత బలవంతాన చీర కట్టించారు. 2010లో వచ్చిన రవి జాధవ్ 'నటరంగ్'లోని గుణా తమాషా మీది మోజుతో నాచ్యా వేషం కట్టి ఊరి చేత అవమానాలు పడతాడు. ఇవి మంచి చిత్రాలే. కాని చీర మీద పడ్డవాడి బాధ వేరు, చీర కోసం ప్రాణం కొట్టుకునేవారి బాధ వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల రెండో రకం మనుషుల గొంతు చాలాకాలం వినబడలేదు.

ఆ గొంతు వినిపించిన చిత్రం కన్నడంలో వచ్చింది. బి.ఎస్.లింగదేవరు దర్శకత్వంలో 2015లో విడుదలైన 'నాను అవనల్ల అవళు'. లివింగ్ స్మైల్ విద్య అనే తమిళ ట్రాన్స్‌జెండర్ రచయిత్రి ఆత్మకథ దానికి ఆధారం. సంచారి విజయ్ నటనకు ఉత్తమ నటుడి జాతీయ పురస్కారం లభించింది. చదువుకున్న మనిషికి కూడా అడుక్కోవడం తప్ప దారి మిగలకుండా పోవడాన్ని ఆ చిత్రం అరుపులు లేకుండా చూపిస్తుంది. ఆ పాత్రను అలాంటి జీవితం గడిపినవారికే ఇచ్చి ఉంటే ఇంకా బాగుండేదన్న మాట న్యాయమైనదే. 2021లో విజయ్ రోడ్డు ప్రమాదంలో మరణించినప్పుడు ఆ చిత్రాన్ని మళ్లీ చూశాను. నేనూ బ్యాంకు ఫారాల్లో మూడో గడి చూసింది అదే సంవత్సరం. తృతీయ లింగాన్ని గుర్తిస్తూ సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చాక, 2015లో రిజర్వు బ్యాంకు ఆ గడి చేర్చమంది.

2005లో ఓనిర్ తీసిన 'మై బ్రదర్ నిఖిల్' కూడా చెప్పుకోదగినది. గోవాలో హెచ్ఐవీ సోకిందని తేలగానే ప్రభుత్వ నిర్బంధానికి గురైన డొమినిక్ డిసౌజా జీవితం దానికి ప్రేరణ. అక్క పాత్రలో జూహీ చావ్లా నటించింది. తల్లిదండ్రులు తలుపు మూసుకున్నా, నిఖిల్ పక్కన కడదాకా నిలబడ్డవాడు అతను ప్రేమించిన యువకుడే. జబ్బుపడ్డప్పుడు పక్కన ఉండడం కన్నా ప్రేమకు ఏం నిదర్శనం కావాలి?

ఇప్పుడు నాకు అన్నిటికన్న దగ్గరైన చిత్రం గురించి. హన్సల్ మెహతా 'అలీగఢ్' 2016 ఫిబ్రవరిలో విడుదలైంది. శ్రీనివాస్ రామచంద్ర సిరాస్ మరాఠీ ఆచార్యుడు, కవి. ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ బోధించేవాడు. 2010 ఫిబ్రవరి 8న ఇద్దరు వ్యక్తులు కెమెరాతో ఆయన ఇంట్లో చొరబడి, ఆయన మరో మగవాడితో ఉండగా చిత్రీకరించారు. మరుసటి రోజు విశ్వవిద్యాలయం ఆయన్ను సస్పెండు చేసింది. ఏప్రిల్ 1న అలహాబాదు హైకోర్టు ఆయనకు అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చింది. ఏప్రిల్ 7న ఆయన తన అద్దె ఇంట్లో శవమై కనిపించాడు.

ఇక్కడ తేదీలు గమనించాలి. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను వయోజనుల ఇష్టపూర్వక సంబంధానికి వర్తించదని ఢిల్లీ హైకోర్టు 2009 జూలై 2న తీర్పు ఇచ్చింది. అంటే సిరాస్ ఇంట్లోకి జొరబడిననాటికి ఆ తీర్పు అమల్లో ఉంది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2013 డిసెంబరులో కొట్టేసింది. అంటే ఆయన కథ తెరకెక్కి విడుదలైననాటికి అది మళ్లీ నేరం. చివరికి 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మచ్చను తుడిచింది. చట్టం అటూ ఇటూ ఊగుతూ ఉండగా ఒక మనిషి మధ్యలో వెళ్లిపోయాడు.

మనోజ్ బాజ్‌పేయి నటన గురించి చాలామంది రాశారు. నన్ను కలచివేసింది వేరొకటి. రాత్రిపూట ఒంటరిగా గ్లాసు పట్టుకుని లతా మంగేష్కర్ పాట వింటూ, సన్నగా తనూ గొంతు కలిపే ఆ మనిషి పరాయి ఊళ్లో తన భాష పట్టుకుని బతుకుతున్నవాడు. అక్కడ మరాఠీలో మాట్లాడేందుకు ఆయనకు ఎందరుంటారు? షోలాపూరులో మనం తెలుగువాళ్లం వేలమందిమి ఉన్నాం. పెళ్లికీ చావుకీ ఒకరికొకరం ఉంటాం. భాషలోనూ ఒంటరి, ప్రేమలోనూ ఒంటరి అయినవాడి ఏకాంతం ఎంత లోతుగా ఉంటుందో మైనారిటీగా బతికే మనకైనా అర్థం కావాలి. అర్థం చేసుకున్నామా అంటే, నా కౌంటరు దగ్గర తెలుగులో మాట్లాడినవాడికి నేనేం చెప్పానో రాశాను కదా.

2023 నవంబరులో మలయాళంలో వచ్చిన జియో బేబీ 'కాదల్ – ది కోర్' చూసినప్పుడు ఆ సంగతి మరీ గుచ్చుకుంది. నాయకుడు మాథ్యూ దేవస్సి బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి. ఊళ్లో మర్యాదస్థుడు, స్థానిక ఎన్నికల్లో అభ్యర్థి. ఆ సమయంలోనే భార్య ఓమన విడాకులు కోరుతుంది. భర్త ఒక మగవాణ్ణి ప్రేమిస్తున్నాడని ఆమెకు ఏనాటి నుంచో తెలుసు. మమ్ముట్టి వంటి అగ్రనటుడు ఆ పాత్ర వేసి, తానే నిర్మించడం మామూలు విషయం కాదు. ఓమనగా జ్యోతిక ఉంది. దాచిపెట్టిన ప్రేమ ఇద్దరు మగవాళ్లనే కాక, ఏ తప్పూ చేయని ఒక స్త్రీ జీవితాన్ని కూడా ఎలా మింగేస్తుందో ఈ చిత్రం చెప్పినంత నెమ్మదిగా మరేదీ చెప్పలేదు. కొడుక్కి పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని అనుకునే తల్లిదండ్రులు మన వాడల్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు తప్పక చూడాలి.

చివరిగా మా మరాఠీ చిత్రం 'సాబర్ బోండం'. రోహన్ కానవడే తీసిన ఈ చిత్రం 2025 జనవరిలో అమెరికాలోని సన్‌డాన్స్ ఉత్సవంలో ప్రపంచ కథాచిత్రాల విభాగంలో అత్యున్నత బహుమతి గెలిచింది. తండ్రి పోతే ఆనంద్ ముంబయి నుంచి సొంత ఊరికి వస్తాడు. పది రోజుల మైల. బంధువులంతా పెళ్లి ఎప్పుడని వేధిస్తూంటారు. చిన్ననాటి నేస్తం బాల్యా అతనికి తోడవుతాడు. పేరులోని పండు మన నాగజెముడు పండే: పైన ముళ్లు, లోపల తీపి. కొడుకు మనసు తెలిసిన తల్లి అతన్ని నిందించదు. కేకలు లేవు, దాడులు లేవు, చావుతో ముగింపు లేదు. ఇద్దరు పల్లెటూరి మగవాళ్ల మధ్య ప్రేమ అంత సహజంగా, చెట్టు కింద నీడలా కనిపిస్తుంది. 'ఉంబరఠా' నాటి జబ్బు, నలభై మూడేళ్లలో, అదే భాషలో, ప్రేమగా మారింది.

మరి తెలుగు తెర? చాలా ఏళ్లపాటు ఇలాంటి పాత్రలను నవ్వించడానికే వాడుకుంది. 2018లో ప్రశాంత్ వర్మ 'అ!'లో నిత్యామీనన్, ఈషా రెబ్బా జంటగా కనిపించారు. ఆ అమ్మాయి తన తల్లిదండ్రుల ఎదుట ప్రేమ సంగతి చెప్పడం అందులో ఒక కథ. ఆరంభంగా అది మంచిదే. కాని పొరుగిళ్లలో పండగ జరుగుతుంటే మన వాకిట్లో ఒక్క దీపం పెట్టినట్టుంది. ఆ పండగ చూసివచ్చిన మనలాంటి ప్రవాసులు కబురు చెప్పాలి గదా.

2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ ఒక ప్రకటన ఇచ్చింది. ఇలాంటి జంటలు జాయింటు ఖాతా తెరవడానికిగాని, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికిగాని ఏ ఆటంకమూ లేదని దాని సారాంశం. అంతకు వారం ముందే రిజర్వు బ్యాంకు ఆ మాట బ్యాంకులకు స్పష్టం చేసింది. ఆ సర్క్యులరును రెండుసార్లు చదివాను. అది కొత్త హక్కు ఏదీ ఇవ్వలేదు. ఆటంకం లేదని మాత్రమే చెప్పింది. ఆటంకం ఏనాడూ లేదు. 1998 డిసెంబరులో ఆ కౌంటరు దగ్గర ఆటంకం నేనే.

కామాఠీపురా పెద్దాయన మళ్లీ ఆ బ్రాంచికి రాలేదు. వాళ్లిద్దరిలో ఎవరు ముందు పోయారో, చేర్చిపెట్టుకున్న పైసలు ఎవరి చేతికి వెళ్లాయో నాకు తెలియదు. రిటైరు కావడానికి ఇంకా కొన్నేళ్లుంది. మా బ్రాంచిలో కొత్తగా చేరే పిల్లలకు ఖాతా ఫారం నింపడం నేనే నేర్పుతాను. రెండో పేరు దగ్గరికి వచ్చేసరికి, "మీకేమవుతారు?" అని అడగవద్దంటాను. సంతకం సరిపోతే చాలు.