కలరా బాక్టీరియాలో జన్యునియంత్రణ: మూడు ప్రశ్నల చరిత్ర

వ్యాససంగ్రహం:
కలరాపై పరిశోధన మూడు ప్రశ్నల మీదుగా సాగింది. వ్యాధికారకం ఏది? అది దేనితో హాని చేస్తుంది? ఆ హాని ఎప్పుడు చేస్తుంది? మొదటి రెండు ప్రశ్నల చరిత్రలో కలకత్తాకు ముఖ్యస్థానం ఉంది. మూడో ప్రశ్నకు సమాధానంలో కొంత భాగం సముద్రంలో వెలుగునిచ్చే బాక్టీరియా అధ్యయనం నుంచి వచ్చింది. ఈ మూడో ప్రశ్న వ్యాధినీ చికిత్సనూ చూసే దృష్టిని ఎలా మార్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కలరా, జన్యునియంత్రణ, కోరం సెన్సింగ్, బయోఫిల్మ్, శంభునాథ్ డే.

1. ఉపోద్ఘాతం

తెలంగాణ పల్లెలు 'గత్తర' అని పిలిచిన వ్యాధే కలరా. చికిత్స అందకపోతే ఒంట్లోని నీరంతా విరేచనాలుగా పోయి, ఆరోగ్యవంతుడు సైతం కొన్ని గంటల్లో ప్రాణాపాయంలో పడతాడు. అయితే ఇంతటి హాని చేసే విబ్రియో కలరే బాక్టీరియా తన జీవితకాలమంతా హాని చేస్తూ ఉండదు. నదీముఖాల్లోనూ తీరప్రాంతపు నీళ్లలోనూ అది చిన్న జలచరాలను అంటిపెట్టుకొని బతుకుతుంది. నీటిలో ఒక విధంగా, మనిషి పేగులో మరొక విధంగా ప్రవర్తించే ఈ జీవిని అర్థం చేసుకోవడానికి శాస్త్రానికి నూరేళ్లకు పైగా పట్టింది.

2. ఏది? దేనితో?

1854లో ఇటలీకి చెందిన ఫిలిప్పో పచీని కలరా మృతుల పేగుల్లో వంపు తిరిగిన సూక్ష్మజీవులను చూసి వర్ణించాడు. ఆనాటి వైద్యలోకం దానిని పెద్దగా పట్టించుకోలేదు. ముప్పై ఏళ్ల తరువాత, 1884 ఆరంభంలో, జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ కలకత్తాలో ఆ బాక్టీరియాను విడదీసి శుద్ధరూపంలో పెంచాడు. అది ఏదో ఒక విషాన్ని విడుదల చేస్తూ ఉండాలని కూడా ఊహించాడు. అయితే ప్రయోగశాల జంతువుల్లో కలరాను కలిగించడం సాధ్యం కాకపోవడంతో ఆ ఊహకు నిరూపణ దొరకలేదు.

నిరూపణ మళ్లీ కలకత్తాలోనే దొరికింది. రోగనిర్ధారణ శాస్త్రవేత్త శంభునాథ్ డే 1953లో కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో ముడివేసి, ఆ మధ్యభాగంలోకి బాక్టీరియాను ఎక్కించాడు. పేగు నీటితో ఉబ్బింది. 1959లో ఆయన మరో అడుగు ముందుకు వేశాడు. బాక్టీరియాను పెంచిన ద్రవాన్ని వడకట్టి, అందులో ఒక్క జీవకణం కూడా లేకుండా చేసి ప్రయోగించినా పేగు అదే విధంగా నిండింది. హాని చేస్తున్నది బాక్టీరియా విడిచిన విషమని తేలిపోయింది. ఇంతటి ఆవిష్కరణకు స్వదేశంలో తగిన గుర్తింపు చాలాకాలం దక్కలేదు. 1978లో కలరాపై జరిగిన నోబెల్ సదస్సుకు ఆహ్వానం అందేనాటికి ఆయన ఉద్యోగ విరమణ చేసి ఉన్నాడు. 1985లో ఆయన మరణించాడు.

3. ఎప్పుడు?

డే ప్రయోగం ఒక ప్రశ్నను ముగించి మరొక ప్రశ్నకు దారి తీసింది. ఒకే బాక్టీరియా ఒక ద్రవంలో విషాన్ని విరివిగా ఇస్తుంది, మరొక ద్రవంలో అతి తక్కువగా ఇస్తుంది. ఉష్ణోగ్రత, ఆమ్లత మారితే ఫలితమూ మారుతుంది. విషాన్ని తయారుచేసే జన్యువు రెండు చోట్లా ఉన్నదే. తేడా అంతా అది ఎప్పుడు పనిచేస్తుందన్న దాంట్లో ఉంది.

1984లో అమెరికాలో వర్జీనియా మిల్లర్, జాన్ మెకలానోస్ విషజన్యువును పని చేయించే టాక్స్‌ఆర్ అనే నియంత్రకాన్ని గుర్తించారు. ఇది బాక్టీరియా పొరలో నిలిచి ఉండే ప్రోటీన్. దీని ఒక కొస పొరకు వెలుపలి వైపు ఉంటే, మరో కొస లోపల డీఎన్ఏను పట్టుకుంటుంది. పేగుగోడపై బాక్టీరియా స్థిరపడటానికి తోడ్పడే కేశాల వంటి నిర్మాణాలు సైతం ఇదే నియంత్రణలో ఉన్నాయని 1987లో తేలింది. అంటే స్థావరమూ ఆయుధమూ ఒకే ఆజ్ఞతో సిద్ధమవుతాయి. 1996లో మాథ్యూ వాల్డర్, మెకలానోస్ మరొక విశేషాన్ని వెల్లడించారు. విషజన్యువులు బాక్టీరియాకు ఒక వైరస్ ద్వారా సంక్రమించాయి. బయటినుంచి వచ్చిన జన్యువు కూడా బాక్టీరియా సొంత నియంత్రకాల అదుపులోకి వచ్చిందన్నది ఇక్కడ గమనించదగిన అంశం.

4. వెలుగు నేర్పిన పాఠం

ఇదే కాలంలో, కలరాతో సంబంధం లేని మరొక పరిశోధన సాగుతూ వచ్చింది. 1970లో కెన్నెత్ నీల్సన్, టెరీ ప్లాట్, వుడ్‌లాండ్ హేస్టింగ్స్ సముద్రపు బాక్టీరియా విబ్రియో ఫిషరీని పరిశీలించారు. ఈ కణాలు పలచగా ఉన్నప్పుడు వెలుగునివ్వవు, దట్టంగా పెరిగిన తరువాతే వెలుగుతాయి. ప్రతి కణమూ ఒక రసాయనాన్ని బయటికి విడుస్తుంది. సంఖ్యతోపాటు ఆ రసాయనమూ పెరిగి, ఒక మోతాదు దాటగానే వెలుగు జన్యువులు పని మొదలుపెడతాయి. ఆ రసాయన నిర్మాణం 1981లోనూ, సంబంధిత జన్యువులు 1983లోనూ తెలిశాయి.

1994లో ఫుకువా, వినాన్స్, గ్రీన్‌బర్గ్ ఈ ప్రక్రియకు 'కోరం సెన్సింగ్' అని పేరు పెట్టారు. కోరం లేక సమావేశం వాయిదా పడటం తెలుగు పాఠకులకు పరిచితమైన విషయమే. తగినంత సంఖ్య చేరనిదే నిర్ణయం జరగదన్న ఆ సభానియమమే ఇక్కడ జీవశాస్త్ర పరిభాషగా మారింది.

5. రెండు పాయల కలయిక

2002, 2003లలో ఈ రెండు పాయలూ కలిశాయి. బానీ బాస్లర్, మెకలానోస్ బృందాలు కలరా బాక్టీరియాలోనూ కోరం సెన్సింగ్ వ్యాధికారకతను, బయోఫిల్మ్‌ను నియంత్రిస్తున్నదని చూపాయి. అయితే ఇక్కడ వరస తిరగబడింది. సాధారణంగా గుంపు పెరిగాక దాడి మొదలవుతుందని అనుకుంటారు. కలరా బాక్టీరియా మాత్రం సంఖ్య తక్కువగా ఉన్నప్పుడే విషాన్ని, జిగురుపొరను తయారుచేసుకుంటుంది. సంఖ్య పెరిగాక హ్యాప్‌ఆర్ అనే ప్రోటీన్ ఆ రెండింటినీ ఆపివేస్తుంది. పేగునుంచి విడివడి వెలుపలికి పోవడానికి ఇది తోడ్పడుతుందని శాస్త్రవేత్తలు వివరిస్తారు. ఈ హ్యాప్‌ఆర్ చెడిపోయిన వంగడాలు కూడా వ్యాధిని కలిగించగలవు కనుక, ఈ ఒక్క మీటతోనే వ్యాధి అంతటినీ వివరించడం సాధ్యం కాదు.

చలనానికీ స్థిరత్వానికీ మధ్య ఎంపికలో సైక్లిక్ డై-జీఎంపీ అనే చిన్న అణువుది ముఖ్యపాత్ర. దీనిని 1987లో జెరూసలేంకు చెందిన మోషే బెంజిమన్ బృందం సెల్యులోజ్‌ను తయారుచేసే బాక్టీరియాలో కనుగొంది. కణంలో ఇది పెరిగితే బాక్టీరియా కదలిక మాని జిగురుపొరలో స్థిరపడుతుంది. తగ్గితే కశాభంతో ఈదుతుంది.

6. ముగింపు

ఈ జ్ఞానానికి ప్రయోగశాల వెలుపలా ప్రయోజనం ఉంది. బాక్టీరియా జలచరాలను అంటిపెట్టుకొని ఉంటుందన్న అవగాహనతో రీటా కోల్వెల్ బృందం బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో తాగునీటిని మడతలు వేసిన పాత చీరతో వడకట్టించింది. అక్కడ కలరా 48 శాతం తగ్గిందని 2003లో ప్రకటించింది. విడిగా ఉన్న ఒక్క బాక్టీరియా చీర పోగుల మధ్య నుంచి సులభంగా జారిపోతుంది. అది అంటుకొని ఉన్న జలచరం మాత్రం చిక్కుకుంటుంది.

చికిత్స విషయంలో ఈ చరిత్ర ఒక హెచ్చరిక కూడా చేస్తున్నది. బాక్టీరియాను చంపకుండా దాని సంకేతాలను అడ్డుకొని నిరపాయకరం చేయాలన్న ఆలోచన, మందులకు లొంగని బాక్టీరియా పెరుగుతున్న నేటికాలంలో బలపడుతున్నది. గుంపు పెరిగాక దాడికి దిగే సూడోమోనాస్ ఎరూజినోసా వంటి బాక్టీరియాకు అది సరిపోవచ్చు. కలరా విషయంలో మాత్రం సంకేతాన్ని అడ్డుకుంటే ఆగవలసిన విషోత్పత్తి కొనసాగే ప్రమాదం ఉంది. ఇక్కడ కావలసింది సంకేతాన్ని ముందుగానే వినిపించడం. ఒకే యంత్రాంగం రెండు జీవుల్లో రెండు విరుద్ధ ఫలితాలను ఇస్తున్నప్పుడు, దాని పేరు తెలిసినంత మాత్రాన చికిత్స తెలిసినట్లు కాదు. ఏది, దేనితో అన్న ప్రశ్నలకు సమాధానం దొరికాక కూడా 'ఎప్పుడు' అన్న ప్రశ్నను ప్రతి జీవి విషయంలోనూ విడిగా వేయక తప్పదు.