చదును నేల కింద మన కొండలు



బందరు హాస్టల్లో చేరిన కొత్తలో, మాలో ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళకి ఒక్క కొండా కనపడక ఊపిరాడేది కాదు. "ఇక్కడ మీ కొండలెక్కడివి?" అని క్లాసులో ఒకరు నవ్వారు. కొండలు ఉన్నాయి. గుడివాడ, కైకలూరు, బంటుమిల్లి పొలాల కింద, చాలా లోతున.

గుడివాడ కింద ఒక పొడవాటి లోయ ఉంది. దాన్ని గుడివాడ గ్రాబెన్ అంటారు. బంటుమిల్లి కింద ఇంకోటి. రెంటికీ మధ్య అడ్డంగా ఉన్న రాతి గుట్ట కాజ–కైకలూరు హార్స్ట్. ఇవి మన తూర్పు కనుమల్లాగే నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతాయి.

ఇదంతా ఎలా జరిగింది? ఇండియా, అంటార్కిటికా ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే మహాఖండంలో ఉండేవి. ఆ పేరు గోండుల నేల నుంచి వచ్చిందే. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట రెండూ విడిపోయాయి. అంతకు ముందు నుంచే నేల సాగి, పాత కొండల వరస వెంబడే పగిలింది. గుట్టలు పైకి లేచాయని మేం అనుకున్నాం గానీ, ఎక్కువగా జరిగింది పక్క నేల కుంగడం. కుంగని ముక్కలు గుట్టలుగా మిగిలాయి.

దివిసీమ నుంచి వచ్చిన మా యానాది తమ్ముడు దీన్ని వరి మళ్ళతో పోల్చాడు. గట్టు ఉన్నంతకాలం ఏ మడి నీళ్ళు ఆ మడివే. వరదొస్తే గట్లు మునిగి అంతా ఒకటే నీరుగా కనిపిస్తుంది, కింద గట్లు మాత్రం అలాగే ఉంటాయి. ఇక్కడా అంతే. మొదట ఏ లోయ బురద ఆ లోయదే. లోయల్లో వేల మీటర్ల మందాన పేరుకుంది, గుట్టల మీద పలచగా పడింది. తర్వాత సముద్రం అన్నిటినీ కప్పింది. ఆపైన కృష్ణమ్మ ఒండ్రు. ఆ బురదలో చిక్కిన జీవుల అవశేషాలే ఉడికి గ్యాస్ అయ్యాయి. కైకలూరు, లింగాల దగ్గర ఓఎన్‌జీసీకి దొరికింది అదే.

కింద గుట్టలవి తూర్పు కనుమల జాతి రాళ్ళే. వాటిలో ముఖ్యమైనది ఖోండలైట్. బెజవాడ ఇంద్రకీలాద్రి మీద కళ్ళతో చూడొచ్చు. 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త ఒడిశా కొండల్లోని ఖోండుల పేరే దానికి పెట్టాడు. ఖోండులంటే మన కోదులే. మా నోట్సులో రాయి పేరుంది, అది ఎవరి పేరో లేదు. మా గదిలోని కోదు స్నేహితుడు పెన్ను తీసి పక్కనే రాసుకున్నాడు: "మాది."