న్యాయమైన ధర కోసం: కర్నూలు, కడప సీమల్లో కొనుగోలుదారుల ఉద్యమ చరిత్ర

సరుకు తయారుచేసినవారికి బతకడానికి సరిపడే ధరను ముందే ఖాయం చేసి, కొనేవారు ఆ ధరను తెలిసి చెల్లించే పద్ధతే న్యాయ వాణిజ్యం. నేడు ప్రపంచమంతటా దీనికి గుర్తుగా నిలిచింది ఫెయిర్ ట్రేడ్ ముద్ర వేసిన కాఫీ ప్యాకెట్. కర్నూలు, కడప జిల్లాలకు కాఫీ తాగే అలవాటే తప్ప పండించే నేల లేదు. అయినా ఈ పద్ధతి వెనక ఉన్న ఆలోచన ఈ మెట్టసీమకు కొత్తది కాదు. కాఫీ కంటే చాలా ముందే, బట్ట విషయంలో, ఇక్కడి నేతవారూ విద్యార్థులూ కొనుగోలుదారులూ ఇదే సమస్యతో తలపడ్డారు.

కర్నూలు వైపు ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు, కడప వైపు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మాధవరం, పుల్లంపేట నేతకు పేరుపడ్డ ఊళ్లు. నేత ఒక్కరి చేతిలో తెమిలే పని కాదు. చిలపల నూలును ఆడవాళ్లు రాట్నం మీద కండెలకు చుడతారు. పడుగును వీధిలో బారుగా సాచి గంజి పట్టిస్తారు. అదంతా అయ్యాకే నేతగాడు గుంతమగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుని నాడె ఆడిస్తాడు. మజూరీ లెక్క మాత్రం దిగిన బట్టకే. ఇంటిల్లిపాది చాకిరీకి వేరే లెక్క లేదు. నూలు కొనే పెట్టుబడి లేని కుటుంబానికి సావుకారు నూలిచ్చి, బట్ట తీసుకుని, మజూరీ ఇస్తాడు. పెళ్లికో జబ్బుకో ఇచ్చిన అప్పును ఆ మజూరీలో కోసుకుంటాడు. బాకీ తీరేదాకా బట్టను మరొకరికి అమ్ముకునే వీలుండదు. ధర విషయంలో నేతగాడి మాట చెల్లకపోవడానికి మూలం ఈ బాకీలోనే ఉంది.

1800లో నిజాం ఈ ప్రాంతంలో చాలాభాగాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలుగా పేరుపడ్డ ఆ సీమకు 1807 దాకా థామస్ మన్రో ప్రధాన కలెక్టరు. కర్నూలు పట్టణం మాత్రం 1839 వరకు నవాబు ఏలుబడిలో ఉంది. నేతవారికి ముందస్తు సొమ్మిచ్చి బట్టను కట్టుబడిగా తీసుకోవడం కంపెనీ పద్ధతి. మన్రో 1813లో బ్రిటిష్ పార్లమెంటు ఎదుట సాక్ష్యమిస్తూ, తాను అంతకుముందు పనిచేసిన బారామహల్ ప్రాంతపు సంగతి చెప్పాడు. అక్కడ కంపెనీ ఉద్యోగులు ముఖ్యమైన నేతగాళ్లను ఒకచోట చేర్చి, కంపెనీకి తప్ప ఇంకెవరికీ బట్ట ఇవ్వమని ఒప్పుకునేదాకా కాపలా పెట్టేవారు. ఒకసారి ముందస్తు తీసుకున్నవాడు ఆ బంధం నుంచి బయటపడటం అరుదని కూడా ఆయన చెప్పాడు. సావుకారి బాకీ చేసే పనినే కంపెనీ అధికార బలంతో చేసిందన్నమాట.

1833 చట్టంతో కంపెనీ వ్యాపారం ముగిసింది. అప్పటికే ఇంగ్లండు మిల్లు బట్ట సంతల్లోకి దిగింది. సన్నబట్ట నేసేవారు ముందుగా దెబ్బతిన్నారు. పొలం పనికి ఆగే ముతకబట్టను రైతులు కొంటూనే ఉండటంతో ముతకనేత నిలబడింది. దాంతో నేతగాడి బతుకు రైతు పంటకు ముడిపడింది. వాన లేకపోతే బట్టకు గిరాకీ ఉండదు, అదే సమయంలో గింజల ధర పెరుగుతుంది. 1876–78 నాటి ధాత కరువులో నేతపేటలు ఈ రెండు దెబ్బలూ ఒకేసారి తిన్నాయి. నీలిమందు రైతులకు దెబ్బ సముద్రం అవతలి నుంచి వచ్చింది. కడప పేరు మీదుగా 'కుర్పా' అని విదేశీ మార్కెట్లో చెలామణీ అయిన ఇక్కడి నీలిమందు, 1897లో జర్మనీ కృత్రిమ నీలిని అమ్మకానికి పెట్టాక క్రమంగా గిరాకీ పోగొట్టుకుంది. దూరదేశపు కొనుగోలుదారుకు ఇక్కడి రైతుతో సరుకు సంబంధమే తప్ప మరే బాధ్యతా లేదు.

కొనేవారి బాధ్యత బహిరంగంగా చర్చకు వచ్చింది స్వదేశీ ఉద్యమంతోనే. 1905లో బెంగాల్ విభజన తర్వాత విదేశీ వస్తు బహిష్కరణ దేశమంతా పాకింది. 1907 ఏప్రిల్‌లో బెంగాల్ జాతీయవాద నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర తీర పట్టణాల్లో ప్రసంగించాడు. రాజమహేంద్రవరం ట్రెయినింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వెళ్లారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వారిపై చర్య తీసుకున్నాడు. కాలేజీ నుంచి బహిష్కరణకు గురైనవారిలో 1883లో కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. ఆయన తర్వాత బెజవాడలో 'స్వరాజ్య' పత్రిక నడిపి, 1908లో రాజద్రోహ నేరం కింద జైలుకు వెళ్లారు. విడుదలయ్యాక గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు జీవితాన్ని ధారపోశారు. చదువునూ ఉద్యోగాన్నీ పణంగా పెట్టిన ఆ తరం విద్యార్థులు, అంగట్లో చేసే ఎంపిక కూడా ప్రజాజీవితంలో భాగమేనని చాటారు.

అయితే స్వదేశీ వ్రతంలో ఒక లోటు మిగిలింది. సరుకు ఏ దేశానిదని అది అడిగింది కానీ, చేసినవారికి ఎంత ముట్టిందని అడగలేదు. బొంబాయి మిల్లు బట్ట కూడా స్వదేశీయే. ఆ రెండో ప్రశ్నను ముందుకు తెచ్చింది ఖద్దరు ఉద్యమం. గాంధీ 1921 సెప్టెంబరు చివర కడప, కర్నూలు పట్టణాలకు వచ్చారు. మదురైలో కొల్లాయి కట్టి అప్పటికి పది రోజులు కూడా కాలేదు. 1929 మేలో ఖాదీ నిధి కోసం మళ్లీ ఈ జిల్లాల్లో తిరిగారు. 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం, తన నియమాలకు కట్టుబడిన దుకాణాలకు ధ్రువీకరణ ఇచ్చేది. ధ్రువీకరణ లేని ఖద్దరు కొనవద్దని ప్రచారం చేసేది. 1935లో గాంధీ ఇంకో అడుగు వేశారు. రాట్నం తిప్పే ఆడవాళ్లకు ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు దక్కాలన్నది ఆయన కోరిక. సంఘం అంత ఇవ్వలేక బాగా తక్కువతో మొదలుపెట్టింది. అయినా బతుకు ఖర్చును బట్టి కనీస కూలి ఉండాలనీ, దానివల్ల ఖద్దరు ధర పెరిగితే కొనేవారు భరించాలనీ తీర్మానం జరిగింది. కనీస ధర, ధ్రువీకరణ, కొనేవారి అంగీకారం అనే మూడూ ఇక్కడే ఒకచోట చేరాయి.

కొనేవారి సద్బుద్ధి ఒక్కటే చాలదు. నేతవారికి సొంత సంస్థ కావాలి. ఆ పని ఎమ్మిగనూరులో జరిగింది. 1938లో మాచాని సోమప్ప అక్కడ నేతవారి సహకార సంఘాన్ని నిలబెట్టారు. ఆయనకు తర్వాత పద్మశ్రీ దక్కింది. సహకార పద్ధతిలో సంఘం నూలును టోకున కొని సభ్యులకు ఇస్తుంది, బట్ట తీసుకుని మజూరీ చెల్లిస్తుంది, తానే అమ్ముతుంది. మిగులు సావుకారి పెట్టెలోకి పోకుండా సభ్యులకే చేరుతుంది. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు ఊరి పేరుతోనే దూరప్రాంతాల్లో అమ్ముడుపోయాయి. 1976లో ఏర్పడిన చేనేత సహకార సంస్థ ఆప్కో రాష్ట్రమంతటా చేనేత సంఘాల బట్టకు అంగళ్లు చూపించింది. తర్వాతి దశాబ్దాల్లో మరమగ్గాల పోటీ, నూలు ధరల పెరుగుదల ఈ సంఘాలను బలహీనపరిచాయి. చాలా కుటుంబాలు మళ్లీ సావుకారి నూలుకే చేరాయి.

ప్రపంచ కాఫీ రంగంలో ఇదే ఆలోచన 1988లో రూపు కట్టింది. ఆ ఏడాది నెదర్లాండ్స్‌లో మాక్స్ హవెలార్ అనే న్యాయ వాణిజ్య ముద్రతో మెక్సికో చిన్నరైతుల కాఫీ అమ్మకానికి వచ్చింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ కాఫీ ఒప్పందపు కోటాలు కుప్పకూలి, కాఫీ ధరలు పడిపోయినప్పుడు, కనీస ధర విలువ అందరికీ తెలిసింది. దేశాలవారీ సంస్థలు 1997లో ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఫెయిర్ ట్రేడ్ పద్ధతిలో కనీస ధరతోపాటు అదనపు సొమ్ము కూడా రైతుల సంఘానికి చేరుతుంది. దాన్ని బడికి వాడాలా, గిడ్డంగికి వాడాలా అన్నది సభ్యులే తేల్చుకుంటారు. విశ్వవిద్యాలయ క్యాంటీన్లలో ఈ కాఫీయే ఉండాలని విద్యార్థులు పట్టుబట్టారు. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ 2003లో తొలి ఫెయిర్ ట్రేడ్ విశ్వవిద్యాలయమైంది.

ఆంధ్రప్రదేశ్‌లో కాఫీ పండేది తూర్పు కనుమల్లో, అరకు, పాడేరు మన్యంలో. అక్కడ చెట్ల నీడన, మిరియాల తీగల పక్కన గిరిజన కుటుంబాలు చిన్న కమతాల్లో అరబికా సాగుచేస్తాయి. దళారుల మీద ఆధారపడే స్థితిని తగ్గించడానికి 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఒకవైపు, నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో ఏర్పడిన రైతుల పరస్పర సహాయ సహకార సంఘం మరోవైపు పనిచేశాయి. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది.

ఎమ్మిగనూరు బట్టకూ అరకు కాఫీకీ మధ్య దూరం ఎంతున్నా రెండింటి చరిత్రా ఒకే విషయాన్ని రుజువు చేస్తోంది. ముద్ర ఉన్నంతమాత్రాన న్యాయం జరగదు. ఉత్పత్తిదారుల చేతిలో సంఘం, ఆ సంఘానికి నమ్మకమైన లెక్కలు, ఆ లెక్కలను అడిగి చూసి ధర చెల్లించే కొనుగోలుదారులు కలిసినచోటే మజూరీ పెరిగింది. ఈ మూడింటిలో ఏది సడలినా సరుకు మళ్లీ దళారి చేతికే పోయింది. అందుకే కర్నూలు, కడప విద్యార్థులు కాఫీ పొడి కొన్నా చేనేత తువ్వాలు కొన్నా, ఇది ఏ సంఘం సరుకు, చేసినవారికి ఎంత ముట్టింది అని అడగడం అవసరం. గాడిచర్ల తరం మొదలుపెట్టిన పనికి అదే సరైన కొనసాగింపు.